నేల నుంచి కాదు, పెడలు నుంచి: సైకిలు సీటును ఒంటికి సరిపెట్టుకోవడం గురించి

సభకు నమస్కారం. సైకిలు గురించి మాట్లాడమంటే గేర్లు, టైర్లు, హెల్మెట్లు అంటూ చెప్పుకోవడానికి చాలా ఉంటాయి. నేను మాత్రం ఈ పూట సీటు దగ్గరే ఆగిపోతాను. ఉత్సాహంగా సైకిలు కొని, నాలుగు వారాలు తిరిగి, ఆ తరువాత దాన్ని బాల్కనీలో తువ్వాళ్లు ఆరేసుకోవడానికి వదిలేసినవారిని కారణం అడిగితే, మోకాళ్లు నొప్పులనో, కూర్చోలేకపోయామనో, చేతులు తిమ్మిరెక్కాయనో చెబుతారు. ఈ మూడు ఫిర్యాదులూ వేర్వేరు అవయవాలవి అయినా, ఎక్కువ సందర్భాల్లో మూలం ఒక్కటే: సీటు ఉండవలసిన చోట లేకపోవడం. సీటు మెత్తగా లేదని కొత్తది కొనేవారు ఉన్నారు గాని, ఉన్న సీటును ఒక పానాతో సరిచేసి చూద్దామనుకునేవారు తక్కువ.

మన దగ్గర సీటు ఎత్తును ఎలా నిర్ణయిస్తున్నామో ముందు చూద్దాం. దుకాణంలో సైకిలు మీద కూర్చోబెట్టి, "రెండు కాళ్లూ నేలకు ఆనుతున్నాయా?" అని అడుగుతారు. ఆనితే సీటు సరిపోయినట్టు, ఆనకపోతే ఇంకాస్త దించాలన్నట్టు. అంటే సీటు ఎత్తును నేల నుంచి కొలుస్తున్నాం. కాని తొక్కేటప్పుడు మన పాదం నేల మీద ఉండదు, పెడలు మీద ఉంటుంది; ఆ పెడలు అన్నిటికంటే కిందికి వచ్చినప్పుడు కూడా నేలకు జానెడు కాకపోయినా పది సెంటీమీటర్ల పైనే ఆగుతుంది. నేలకు సరిపోయిన సీటు పెడలుకు సరిపోదు. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే మిగతా సర్దుబాట్లన్నీ వాటంతట అవే అర్థమవుతాయి కనుక, దీన్ని అంకెలతో చూపిస్తాను.

చెప్పులు విడిచి, గోడకు వీపు ఆనించి నిలబడి, గట్టి అట్ట ఉన్న పుస్తకం ఒకటి రెండు కాళ్ల మధ్య పెట్టుకుని, సీటు మీద కూర్చున్నంత ఒత్తిడితో పైకి నొక్కి పట్టుకోండి. నేల నుంచి ఆ పుస్తకం పై అంచు దాకా ఉన్న దూరమే మీ కాలి లోపలి కొలత. ప్యాంటు కొలత దీనికి పనికిరాదు. అది దర్జీ అవసరానికి తీసినది, రెండు మూడు సెంటీమీటర్లు తేడా వస్తుంది. ఈ కొలత 80 సెం.మీ. వచ్చిందనుకుందాం. 1986లో టూర్ ది ఫ్రాన్స్ సైకిలు పందెం గెలిచిన తొలి అమెరికన్ గ్రెగ్ లెమాండ్, తన శిక్షకుడు సిరిల్ గిమార్ దగ్గర నేర్చుకుని ప్రచారంలోకి తెచ్చిన లెక్క ప్రకారం, దీన్ని 0.883తో గుణించాలి. 70.6 సెం.మీ. వస్తుంది. క్రాంకులు, అంటే పెడళ్లను మోసే కడ్డీలు, తిరిగే ఇరుసు మధ్య బిందువు నుంచి, సీటు గొట్టం వెంబడి, సీటు పై భాగం దాకా ఉండవలసిన దూరం అది. ఇంతకంటే పాత లెక్క మరొకటి ఉంది. 1967లో ఇంగ్లండుకు చెందిన హామ్లీ, థామస్ అనే పరిశోధకులు, పెడలు నుంచి సీటు పై భాగానికి ఉన్న దూరం కాలి కొలతలో 109 శాతం ఉన్నప్పుడు తొక్కేవారి శక్తి బాగా వినియోగమవుతున్నదని ప్రకటించారు. 80కి అది 87.2 సెం.మీ.; అందులోంచి మామూలు క్రాంకు పొడవు 17 సెం.మీ. తీసేస్తే 70.2. రెండు వేర్వేరు దారుల్లో వచ్చిన లెక్కలకు అర సెంటీమీటరు కూడా తేడా లేదు.

ఇప్పుడు అదే సీటు నేలకు ఎంత ఎత్తులో ఉంటుందో చూడండి. క్రాంకుల ఇరుసు మామూలు సైకిళ్లలో నేలకు దాదాపు 27, 28 సెం.మీ. ఎత్తున ఉంటుంది. సీటు గొట్టం నిటారుగా కాక కొంచెం వెనక్కి వాలి ఉంటుంది గనుక, ఆ 70.6లో నిలువు ఎత్తుగా మిగిలేది 67 పైచిలుకు. రెండూ కలిపితే సీటు నేలకు సుమారు 95 సెం.మీ. ఎత్తున నిలుస్తుంది. కాలు 80, సీటు 95. సీటు మీద కూర్చుని రెండు పాదాలూ నేలకు ఆనించడం అసాధ్యమని, ఒక పక్కకు ఒరిగితే ఒక కాలి మునివేళ్లు మాత్రమే అందుతాయని లెక్కే చెబుతున్నది. కాబట్టి సరైన ఎత్తులో ఉన్న సీటు మీద తొలిసారి కూర్చున్నవారికి కలిగే భయం సహజమైనదే గాని, దాన్ని బట్టి సీటును దించకూడదు.

మరి ఆగేదెలా? నిజానికి ఈ సభలో చాలామంది అడగదలచుకున్న ప్రశ్న ఇదేనని నాకు తెలుసు. సిగ్నల్ దగ్గర, గుంత దగ్గర, ఎదురుగా వచ్చిన ఆటో దగ్గర సీటు మీద కూర్చునే ఆగాలనుకోవడమే మన అలవాటులోని చిక్కు. ఆగబోయే ముందు కుడి పెడలు కిందికి వచ్చేలా చూసుకుని, దాని మీద బరువు మోపి, బ్రేకు పడుతూ సీటు మీంచి ముందుకు లేచి, ఎడమ కాలిని రోడ్డు అంచు వైపు నేల మీద పెట్టాలి. అప్పుడు మీరు సీటుకు ముందు, ఫ్రేము మీదుగా నిలబడి ఉంటారు. బయలుదేరేటప్పుడు కుడి పెడలును పైకి, కాస్త ముందుకు తెచ్చుకుని, దాని మీద నిలబడినట్టుగా తొక్కితే సైకిలు కదులుతుంది, మీరు సీటు మీదికి చేరుతారు. వాహనాలు లేని మైదానంలో ఒక సాయంత్రం సాధన చేస్తే ఇది వంటబడుతుంది. వచ్చేదాకా సీటును ఒక్కసారిగా లెక్క ప్రకారం పైకి లేపకుండా, ఒక సెంటీమీటరు చొప్పున పెంచుకుంటూ పోవడం మంచిది.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పాలి. పాల క్యాన్లు, గ్యాస్ సిలిండరు, కూరగాయల గంపలు కట్టుకుని తిరిగేవారు సీటును దించి పెట్టుకుంటే దాన్ని అజ్ఞానమని నవ్వే హక్కు మనకు లేదు. నలభై కిలోల బరువు వెనక కట్టుకున్నవారికి ఆగినచోట రెండు కాళ్లూ నేలకు ఆనడం మోకాలి సుఖం కంటే ముఖ్యం. నేను చెప్పేదంతా ఒంటరిగా, బరువు లేకుండా, అరగంటో గంటో తొక్కేవారి కోసం.

కొలత టేపు అందుబాటులో లేకపోతే మడమ పద్ధతి చాలు. ఎవరినైనా సైకిలు పట్టుకోమని, లేదా గోడకు ఆనుకుని, సీటు మీద నిటారుగా కూర్చుని, పెడలును అట్టడుగుకు తెచ్చి దాని మీద మడమ పెట్టండి. నడుము పక్కకు వాలకుండా కాలు సరిగ్గా నిటారు కావాలి. అదే ఎత్తులో మడమ తీసి, బొటనవేలి మొదట్లో ఉండే పాదం వెడల్పు భాగాన్ని పెడలు మీద పెడితే మోకాలు తగినంత వంగుతుంది. తొక్కుతున్నప్పుడు పెడలు అడుగున మోకాలి వంపు 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండడం క్షేమమని సాధారణంగా ఒప్పుకుంటారు; శ్రమ ఆదా అయ్యేది అందులోనూ 25కు దగ్గరగా ఉన్నప్పుడేనని తరువాతి కాలపు పరిశోధనలు చెప్పాయి. పాదాలు పొడుగ్గా ఉన్నవారికి, మందపు అట్టల బూట్లు వేసేవారికి, మునివేళ్లు కిందికి వంచి తొక్కే అలవాటున్నవారికి లెక్కలు కొన్ని మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతాయి. అందుకే లెక్కతో వచ్చిన ఎత్తును ఆరంభంగానే తీసుకుని, అక్కడి నుంచి మూడు నుంచి అయిదు మిల్లీమీటర్ల చొప్పున మార్చి, ప్రతి మార్పు తరువాత కొన్ని రోజులు తొక్కి చూడాలి. ఇంత చిన్న తేడాకు ఇంత పట్టింపు దేనికని అనిపించవచ్చు. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకు 3,600 చుట్లు అవుతాయి. ప్రతి చుట్టులోనూ మోకాలు ఒకే తప్పు కోణంలో వంగి నిటారవుతుంది.

ఎత్తు తప్పిందని ఒళ్లే చెబుతుంది, వినడం తెలియాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలు ఎక్కువగా వంగిన స్థితిలో బలం పెట్టవలసి వస్తుంది, దానితో మోకాలి చిప్ప లోపలి వైపుకు ఒత్తుకుని ముందు భాగం నొప్పి పెడుతుంది. తొడ ముందు కండరాలు త్వరగా మండుతాయి. సీటు మరీ ఎత్తైతే నొప్పి మోకాలి వెనక, తొడ వెనక నరాల దగ్గర వస్తుంది. ఎత్తైన సీటును మరో రకంగా కూడా పట్టుకోవచ్చు: వెనక సైకిలు మీద వచ్చే స్నేహితుణ్ణి మీ నడుమును గమనించమనండి. ప్రతి తొక్కుడుకూ నడుము ఎడమకూ కుడికీ ఊగుతుంటే, కాలు పెడలును అందుకోవడానికి సాగుతున్నదని అర్థం. ఆ ఊపుకు తొడల లోపలి చర్మం సీటుకు రాసుకుని పుండ్లు పడతాయి. చాలామంది ఆ పుండ్లకు సీటు గట్టిదనాన్ని తిడతారు.

ఎత్తు తరువాత చూడవలసినది సీటు ముందుకు ఉందా, వెనక్కి ఉందా అన్నది. సీటు కింద రెండు ఇనుప కడ్డీలు ఉంటాయి. క్లాంపు వదులు చేస్తే సీటు వాటి వెంట ముందుకూ వెనక్కూ జరుగుతుంది. దీనికి పాత పద్ధతి ఒకటి ఉంది. క్రాంకులను నేలకు సమాంతరంగా నిలిపి, ముందున్న కాలి మోకాలి చిప్ప కింద చేతికి తగిలే ఎముక బొడిపె దగ్గర ఒక దారం పట్టుకుని, దాని చివర నట్టు కట్టి వేలాడదీయాలి. ఆ దారం పెడలు ఇరుసు మీదుగా పడితే సీటు సరిగ్గా ఉన్నట్టు. దుకాణాల్లో నేటికీ ఇలాగే చూస్తారు. అయితే అమెరికాలో సైకిలు ఫ్రేములు తయారుచేసిన కీత్ బాంట్రేగర్ ఈ పద్ధతికి శాస్త్రీయమైన ఆధారం లేదని చాలా ఏళ్ల కిందటే వాదించాడు. ఆయన వాదన నాకు నచ్చుతుంది: పడుకున్న భంగిమలో తొక్కే సైకిళ్ల మీద మోకాలు పెడలుకు పైన ఉండనే ఉండదు, అయినా వాటి మీద హాయిగా, వేగంగా పోతున్నారు గదా! కాబట్టి దారం పరీక్షను మొదటి అంచనాగా వాడి, నిర్ణయాన్ని సమతూకానికి వదిలేయడం మేలు. వాహనాలు లేని చోట, మామూలు వేగంతో తొక్కుతూ, చేతులను హ్యాండిలు మీద అంటీ అంటనట్టు తేలిక చేయండి. శరీరం వెంటనే ముందుకు పడిపోతున్నట్టుంటే సీటు మరీ ముందుకు ఉన్నట్టు. అరచేతుల తిమ్మిరికి అదే తరచుగా కారణం.

ఇక్కడ జాగ్రత్త పడవలసినవి రెండున్నాయి. హ్యాండిలు దూరంగా ఉందని సీటును ముందుకు లాగడం చాలా మామూలుగా జరిగే పొరపాటు. సీటు స్థానం కాళ్లను బట్టి నిర్ణయం కావాలి. హ్యాండిలు దూరమైతే స్టెమ్, అంటే హ్యాండిలును ఫ్రేముకు కలిపే ముక్క, పొట్టిది వేయించుకోవాలి, అది పెద్ద ఖర్చు కాదు. రెండోది, సీటును వెనక్కి జరిపితే పెడలుకు దూరం కూడా పెరుగుతుంది. మామూలు ఫ్రేము వాలుకు ఒక సెంటీమీటరు వెనక్కి జరిపితే సుమారు మూడు మిల్లీమీటర్లు ఎత్తినట్టే లెక్క, కాబట్టి అంత మేరకు దించుకోవాలి.

సీటు వాలు గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. రెండు చక్రాలూ సమమైన నేల మీద ఉంచి, సీటు మీద నిడివిగా గట్టి పుస్తకం పరిచి, దాని మీద ఫోనులోని మట్టం చూపే సదుపాయంతో కొలవండి. సమంగా ఉండాలి. ముందుకు బాగా వంగి తొక్కేవారు సీటు ముక్కును, అంటే దాని సన్నని ముందు కొనను, ఒకటి రెండు డిగ్రీలు దించుకోవచ్చు. ముక్కు పైకి లేస్తే మర్మస్థానం మీద ఒత్తిడి పడుతుంది. మరీ దిగితే ముందుకు జారుతూ, ఆ జారుడును చేతులతో ఆపుకుంటూ, భుజాలు పట్టేస్తాయి. పాత నల్ల సైకిళ్ల స్ప్రింగు సీటుకు మాత్రం ఇంకో బాధ ఉంది. దాని క్లాంపులో పళ్లు ఉంటాయి. ఏళ్ల తరబడి గుంతల్లో అదిరి అవి అరిగిపోతే, ఎంత సరిచేసినా మళ్లీ ముక్కు లేచిపోతుంది. అలాంటప్పుడు నట్టును ఇంకా బిగించి లాభం లేదు, క్లాంపునే మార్చాలి. రెండు బోల్టుల సీటు పోస్టు (సీటును మోస్తూ ఫ్రేములోకి దిగే గొట్టం) ఉన్నవారికి ఈ చిక్కు లేదు: ముందు బోల్టు వదులు చేసి వెనకది బిగిస్తే ఒక వైపు, దానికి తిరగేసి చేస్తే రెండో వైపు, వెంట్రుకవాసి తేడాతో తిప్పుకోవచ్చు.

ఇవన్నీ సరిచేశాక కూడా నొప్పి ఉంటే, అప్పుడు సీటునే అనుమానించాలి. ఇక్కడ మన అనుభవానికి ఎదురు వెళ్లే సంగతి ఒకటుంది. మెత్తని సీటు సుఖమనుకుంటాం. జెల్ కవరు కొని తొడుగుతాం. మనిషి కూర్చునేది పిరుదుల కింద ఉండే రెండు ఎముకల మీద. అడుగు గట్టిగా ఉంటే బరువంతా ఆ రెండు ఎముకలూ మోస్తాయి. మరీ మెత్తగా ఉంటే ఎముకలు లోపలికి దిగిపోయి, వాటి మధ్య భాగంలోని నురుగు పైకి ఉబ్బి, నరాలూ రక్తనాళాలూ ఉన్న మెత్తని కండను నొక్కుతుంది. మొదటి పది నిమిషాలు హాయిగా ఉన్న సీటు గంట తరువాత తిమ్మిరి పుట్టించేది అందుకే. వారానికి ఒకసారి కాలనీ చుట్టూ తిరిగివచ్చేవారికి మెత్తని సీటుతో ఇబ్బంది లేదు. దూరాలు పోయేవారికి మాత్రం తగినంత గట్టిగా, తగినంత వెడల్పుగా ఉన్నదే కావాలి.

ఎంత వెడల్పు? దీన్ని ఇంట్లోనే కొలవవచ్చు. పార్సిలు పెట్టెల్లో వచ్చే ముడతల అట్ట ముక్క ఒకటి గట్టి స్టూలు మీద వేసి, పల్చని బట్టలతో దాని మీద కూర్చుని, కాళ్ల కింద పీట పెట్టుకుని, సైకిలు మీద వంగినంత ముందుకు వంగండి. లేచి చూస్తే అట్ట మీద రెండు గుంటలు కనిపిస్తాయి. కనిపించకపోతే సుద్దముక్కను పడుకోబెట్టి రుద్దితే తేలుతాయి. వాటి మధ్య బిందువుల దూరానికి రెండు సెంటీమీటర్లు కలిపితే వచ్చేది మీ సీటుకు ఇంచుమించుగా కావలసిన వెడల్పు. ఒంటి లావుతో దీనికి సంబంధం లేదు. సన్నగా ఉన్నవారికి దూరంగానూ, లావుగా ఉన్నవారికి దగ్గరగానూ ఆ ఎముకలు ఉండవచ్చు. ఆడవారికి సగటున ఈ దూరం కొంత ఎక్కువ. నిటారుగా కూర్చుని తొక్కితే వెడల్పు సీటు, ముందుకు వంగి తొక్కితే సన్నని సీటు నప్పుతాయి. మన తాతల నాటి నల్ల సైకిలుకు అంత పెద్ద స్ప్రింగు సీటు ఎందుకు పెట్టారో ఆలోచిస్తే ఇది బోధపడుతుంది: ఆ సైకిలు మీద మనిషి కుర్చీలో ఉన్నట్టు నిటారుగా కూర్చుంటాడు, ఒంటి బరువంతా సీటు మీదే. ఆ సీటును పీకి రేసు సైకిలుకు తగిలిస్తే దాని అంచులు తొడలను ఒరుసుకుంటాయి.

తిమ్మిరిని మాత్రం అలవాటైతే అదే పోతుందని వదిలేయకండి. అమెరికాలో వృత్తిరీత్యా కలిగే ఆరోగ్య సమస్యలను పరిశోధించే ప్రభుత్వ సంస్థ, సైకిళ్ల మీద గస్తీ తిరిగే 90 మంది పోలీసులకు ముక్కు లేని సీట్లు ఇచ్చి ఆరు నెలల తరువాత పరిశీలించింది. ఆ ఫలితాలు 2008లో వెలువడ్డాయి. మర్మాంగాల్లో తిమ్మిరి లేదన్నవారు మొదట 27 శాతమే ఉంటే, తరువాత 82 శాతమయ్యారు. అందరూ ముక్కు లేని సీటు కొనాలని నేననను. సైకిలును అదుపులో ఉంచడానికి తొడలకు ఆ ముక్కు కొంత ఉపయోగపడుతుంది. కాని మధ్యలో గాడి ఉన్న సీటు, సరైన వాలు, పది పదిహేను నిమిషాలకొకసారి సీటు మీంచి లేచి నిలబడి తొక్కడం, ఇవి అందరికీ అందుబాటులో ఉన్నవే. దిగిన తరువాత కూడా తిమ్మిరి గంటల తరబడి వదలకపోతే సైకిలు పక్కన పెట్టి వైద్యుణ్ణి కలవాలి.

పిల్లల సంగతి విడిగా చెప్పాలి. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ పాఠశాలల్లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు "బడికొస్తా" పథకం కింద సైకిళ్లు ఇచ్చారు. అలాంటి సైకిళ్లు బడి ముందు వరసగా నిలిపి ఉన్నచోట ఒకసారి సీట్లను చూడండి: చాలావాటికి సీటు అడుగంటా దించి ఉంటుంది, ఇచ్చిన రోజు ఎలా ఉందో అలాగే. ఆ వయసులో పిల్లలు ఇంకా పొడుగవుతూనే ఉంటారు. మూడు నాలుగు నెలలకొకసారి ఒక పానా పట్టుకుని బడి ఆవరణలో కూర్చునే మనిషి ఉంటే, ఊరి నుంచి రోజూ అయిదారు కిలోమీటర్లు తొక్కి వచ్చే పిల్లల మోకాళ్లకు అంతకంటే చవకైన మేలు ఉండదు. ఇక్కడున్న ఉపాధ్యాయులు ఎవరైనా దీన్ని తలకెత్తుకుంటారని నా ఆశ.

చివరిగా పని చేసే తీరు. ఏదైనా కదిలించే ముందు, సీటు పోస్టు ఫ్రేములోకి దిగే చోట చుట్టూ ఇన్సులేషన్ టేపు అంటించండి; ఇప్పుడున్న ఎత్తు ఎక్కడో తెలుస్తుంది. సీటు పోస్టు మీద గీతలతో ఒక గుర్తు ఉంటుంది, అది బయటికి కనిపించేంతగా ఎప్పుడూ పైకి లాగకూడదు. పోస్టు విరగవచ్చు, ఫ్రేము చీలవచ్చు. లెక్క ప్రకారం ఎత్తు అంతకు మించితే పొడవైన పోస్టు వేయించుకోవాలి, లేదా ఆ ఫ్రేము మీకు చిన్నదని ఒప్పుకోవాలి. ఎత్తు, ముందు వెనకలు, వాలు, మళ్లీ ఎత్తు అన్న వరసలో పని సాగించండి, ఒకే రోజు రెండు మార్పులు చేయకండి. చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. గేర్ల సైకిళ్లకు ఎక్కువగా 5 లేదా 6 నంబరు అలెన్ కీ (ఆరు పలకల వంపు కడ్డీ) సరిపోతుంది, నల్ల సైకిళ్లకు 13 లేదా 14 నంబరు పానా. కార్బన్ పోస్టు ఉన్నవారు దాని మీద ముద్రించిన బిగింపు పరిమితిని దాటకుండా, ఎంత బలంతో బిగిస్తున్నామో తెలిపే టార్క్ పానా వాడాలి. అంతా కుదిరాక ఇరుసు నుంచి సీటు ఎత్తు, సీటు ముక్కు నుంచి హ్యాండిలు దాకా దూరం, ఈ రెండింటినీ ఫోనులో రాసి పెట్టుకోండి. సర్వీసింగుకు ఇచ్చినప్పుడు సీటు తీసి మళ్లీ ఎక్కడో ఒకచోట బిగించి ఇస్తారు.

ఆ పక్కన రెండు స్టాండ్లు, పానాలు, ఒక కొలత టేపు పెట్టాం. మోకాలి నొప్పి ఉన్నవారు, సీటు ముక్కు పైకి లేచిపోతున్నవారు ముందుగా తమ సైకిళ్లు తీసుకురండి.